"మొత్తం కలిపి ఎంత?" : సెబీ అడిగింది, నేను అడగలేదు



ఈ మధ్య కామెంట్లలో రెండు రకాల రిక్వెస్టులు ఎక్కువగా వస్తున్నాయి. ఒకటి, "బ్రో, సెబీ అసలు ఏం చేస్తుందో ఒక వీడియో చెయ్యండి, స్టాక్ మార్కెట్‌ని ప్రభుత్వం ఎలా కంట్రోల్ చేస్తుందో చెప్పండి" అని. రెండోది, "ఎదుటివాళ్ళతో మాట్లాడటం, సరిగ్గా ప్రశ్నలు అడగటం మీద చెయ్యండి" అని. రెండు ఎపిసోడ్లుగా చేద్దామని నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే రెండు చోట్లా ఒకే మనిషి గుర్తొచ్చాడు. అందుకే రెండూ కలిపి చెప్తున్నాను.

ముందే ఒక మాట. నేను బీటెక్ చదివి నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ని. సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాదు. ఏ షేర్ కొనాలో, ఏది అమ్మాలో ఈ వీడియోలో ఉండదు. నేను ఒకప్పుడు చేసిన తప్పు మాత్రం ఉంటుంది.

గురువారం సాయంత్రం ప్రశ్న

కొండాపూర్‌లో నేను, నా ఫ్రెండ్ ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. వాడి పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు. ఈ కథ చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు. వాడిది గుంటూరు వైపు ఒక ఊరు. నాకంటే తెలివైనవాడు, ఇద్దరం ఒకే బ్యాచ్. 2022లో ఆప్షన్స్ ట్రేడింగ్ మొదలుపెట్టాడు.

అప్పట్లో నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ గురువారం ఉండేది. గురువారం సాయంత్రం టీ తాగడానికి కిందకి దిగితే నేను అడిగే మొదటి ప్రశ్న: "ఏంట్రా, ఇవాళ ఎంత?"

వాడు కొన్నిసార్లు నవ్వుతూ ఫోన్ చూపించేవాడు. ప్లస్ 18 వేలు, ప్లస్ 31 వేలు. ఆ రోజు టీ, సమోసా వాడి ఖాతాలో. కొన్నిసార్లు "ఇవాళ లైట్ రా" అనేవాడు. నేను కూడా లైట్ తీసుకునేవాణ్ని. దాదాపు ఏడాదిన్నర పాటు ప్రతి గురువారం అదే ప్రశ్న అడిగాను. నేను వాడి గురించి పట్టించుకుంటున్నానని నిజంగానే అనుకున్నాను.

ఇంకో విషయం, ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఛానల్ పెట్టిన కొత్తలో ఒక వీడియో చేశాను. థంబ్‌నెయిల్‌లో వాడి ప్లస్ 31 వేల స్క్రీన్‌షాట్ పెట్టాను. "మా రూమ్మేట్ ఒక్క రోజులో..." అని టైటిల్. అబద్ధం కాదు, ఆ రోజు నిజంగానే వచ్చింది. కానీ దాని ముందు రోజు ఎంత, తర్వాత వారం ఎంత అని నేను అడగలేదు. ఆ వీడియో ఇప్పుడు ఛానల్‌లో లేదు, తీసేశాను.

బయానా లెక్క

ఆప్షన్స్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. శంకర్‌పల్లి దగ్గర ఒక ప్లాట్ ఉంది, రేటు 40 లక్షలు. మీరు ఓనర్‌కి 50 వేలు బయానా ఇచ్చి, మూడు నెలల్లోపు 40 లక్షలకే నాకు అమ్మాలి అని కాగితం రాయించుకున్నారు. రేటు 45 లక్షలకి పోతే మీకు పండగే. రేటు కదల్లేదు, లేదా తగ్గింది అనుకోండి, మీరు కొనరు, బయానా పోయింది. ఆ కాగితాన్ని మధ్యలో ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా.

ఇప్పుడు ప్లాట్ బదులు నిఫ్టీ అని 50 కంపెనీల సూచీ పెట్టండి. మూడు నెలల గడువుని మూడు రోజులు చెయ్యండి. అదే కాల్ ఆప్షన్ కొనడం. గడువు దగ్గర పడేకొద్దీ ఆ కాగితం విలువ చేతిలో పుల్ల ఐస్ లాగా కరిగిపోతుంది. మనం చూసిన దిక్కు కరెక్టే అయినా, టైమ్‌కి అక్కడికి చేరకపోతే డబ్బు పోతుంది. ఆప్షన్లు, ఫ్యూచర్లు కలిపి ఎఫ్ అండ్ ఓ అంటారు.

ఇది చట్టబద్ధమైన వ్యాపారమే. పంట ధర పడిపోతుందేమో, డాలర్ రేటు పెరుగుతుందేమో అని భయపడేవాళ్ళకి ఇలాంటి ఒప్పందాలు నిజంగా పనికొస్తాయి. జీతం పడగానే ఫోన్‌లో ఆడేవాళ్ళ సంగతి వేరు.

సెబీ ఏం అడిగింది?

సెబీ 1988లో మొదలైంది. అప్పటికి దానికి చట్టం బలం లేదు. 1992లో పార్లమెంటు చేసిన సెబీ చట్టంతో అధికారాలు వచ్చాయి. అదే ఏడాది హర్షద్ మెహతా వ్యవహారం బయటపడింది, కాబట్టి దాని అవసరం ఏంటో దేశానికి వెంటనే అర్థమైంది. బ్రోకర్లు, స్టాక్ ఎక్స్‌ఛేంజీలు, మ్యూచువల్ ఫండ్లు, లిస్టయిన కంపెనీలు, అందరూ దాని నిబంధనల కిందే ఉండాలి.

చాలామంది సెబీ అంటే ట్రాఫిక్ పోలీస్ అనుకుంటారు. చలానా వేసి పంపిస్తుంది అని. ఆ పని కూడా చేస్తుంది. కానీ నాకు అర్థమైనంతలో దాని అసలు పని అడగటం. కంపెనీని "మీ లెక్కలు చూపించండి" అంటుంది, ప్రమోటర్‌ని "మీ వాటా ఎంత తాకట్టులో ఉంది?" అంటుంది, బ్రోకర్‌ని "కస్టమర్ డబ్బు ఎక్కడుంది?" అంటుంది. ఆ జవాబులు అందరికీ కనిపించేలా పెట్టమంటుంది.

ఎఫ్ అండ్ ఓ విషయంలో సెబీ అడిగిన ప్రశ్న చాలా సింపుల్. "మొత్తం కలిపి, ఖర్చులు పోను, ఎంత?"

2023 జనవరిలో మొదటి జవాబు వచ్చింది. 2021-22లో ఈ సెగ్మెంట్‌లో ట్రేడ్ చేసిన మామూలు వ్యక్తుల్లో 89 శాతం మందికి నష్టం. 2024 సెప్టెంబర్‌లో ఇంకా పెద్ద స్టడీ వచ్చింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళు, కోటి మందికి పైగా. అందులో 93 శాతం మందికి నష్టం. సగటున మనిషికి దాదాపు 2 లక్షలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ మూడేళ్ళలో ఖర్చులు పోను లక్ష రూపాయల కంటే ఎక్కువ మిగుల్చుకున్నవాళ్ళు 1 శాతం.

మరి ఆ డబ్బు ఎటు పోయింది? 2023-24 ఒక్క ఏడాదిలో, ఖర్చులు లెక్కేయకముందు, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలకి దాదాపు 33 వేల కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లకి దాదాపు 28 వేల కోట్లు లాభం. ఆ లాభాల్లో 95 శాతానికి పైగా అల్గో ట్రేడింగ్ నుంచే వచ్చింది. అంటే మనవాడు టీ తాగుతూ బొటనవేలితో బై నొక్కుతుంటే, అవతల ఉన్నది ఒక ప్రోగ్రామ్. నేను కోడ్ రాసి బతికినవాణ్ని కాబట్టి చెప్తున్నా, ప్రోగ్రామ్‌కి ఆశ ఉండదు, "పోయింది రాబట్టుకోవాలి" అనే కసి కూడా ఉండదు.

అదే స్టడీలో నన్ను బాగా ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. వరసగా రెండేళ్ళు నష్టపోయినవాళ్ళలో 75 శాతం మందికి పైగా మూడో ఏడాది కూడా ట్రేడ్ చేశారు. 30 ఏళ్ళ లోపు వాళ్ళ వాటా 2022-23లో 31 శాతం ఉంటే, 2023-24కి 43 శాతం అయింది. అంటే మన వయసువాళ్ళే.

ఒక జేబు చూస్తే సరిపోదు

ఇంకో ఉదాహరణ. 2025 జూలై 3న సెబీ జేన్ స్ట్రీట్ అనే అమెరికన్ ట్రేడింగ్ సంస్థ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అక్రమంగా సంపాదించారంటూ దాదాపు 4,844 కోట్లు కట్టమంది. సెబీ ఆరోపణ ప్రకారం 2024 జనవరి 17న ఆ సంస్థ పొద్దున బ్యాంక్ నిఫ్టీలో ఉన్న బ్యాంకుల షేర్లు పెద్ద ఎత్తున కొని, తర్వాత అమ్మేసింది. అందులో దాదాపు 61 కోట్లు నష్టం. కానీ అదే రోజు ఆప్షన్స్‌లో దాదాపు 735 కోట్లు లాభం.

కంపెనీ ఈ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. మాది మామూలు ఆర్బిట్రేజ్ అంది. డబ్బు డిపాజిట్ చేసి, అప్పీల్ ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. తప్పా ఒప్పా తేల్చేది నేను కాదు. సెబీ చూసిన పద్ధతి గురించే నా మాట. షేర్ల జేబు ఒక్కటే చూస్తే "అయ్యో, 61 కోట్లు పోయాయి" అంటాం. రెండు జేబులూ కలిపి చూస్తేనే అసలు ప్రశ్న పుడుతుంది.

మన హైదరాబాద్‌లోనే ఇంకా పెద్ద పాఠం ఉంది. సత్యం. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. అబ్బాయికి సత్యంలో ఉద్యోగం అంటే సంబంధాలు ఇంటికి నడిచొచ్చే రోజులు. 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు అని ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేవు అని రాశారు. ఆ ఒక్క రోజే షేర్ ముప్పావు వంతుకి పైగా పడిపోయింది.

ఏళ్ళ తరబడి అందరూ సత్యాన్ని అడిగిన ప్రశ్న "ఈ క్వార్టర్ ఎంత పెరిగింది?" అని. జవాబు ప్రతిసారీ బాగానే ఉండేది. నా గురువారం ప్రశ్నకీ దానికీ తేడా ఏముంది చెప్పండి? అడగాల్సింది "ఆ డబ్బు ఎక్కడుంది, చూపించండి" అని. అదీ చెప్పినవాళ్ళని కాదు, దాచిపెట్టిన బ్యాంకుని అడగాలి.

సెబీ చెయ్యగలిగింది, చెయ్యలేనిది

జవాబులు చూశాక సెబీ కొన్ని మార్పులు చేసింది. 2023 జూలై నుంచి బ్రోకర్ యాప్‌లో లాగిన్ అవ్వగానే "10 మందిలో 9 మందికి నష్టం" అని చూపించాలి. 2024 నవంబర్ నుంచి ఒక్కో ఎక్స్‌ఛేంజ్‌కి ఒకే సూచీ మీద వీక్లీ ఎక్స్‌పైరీ. కొత్త కాంట్రాక్టుల కనీస విలువ 15 లక్షలు.

నాలాంటివాళ్ళ మీద కూడా పట్టు బిగించింది. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు ఇచ్చేవాళ్ళతో బ్రోకర్లు పొత్తు పెట్టుకోకూడదంది. చదువు చెప్తున్నాం అనే పేరుతో గత 3 నెలల ధరలు చూపించి షేర్ల గురించి మాట్లాడకూడదని 2025 జనవరిలో చెప్పింది. కొందరు యూట్యూబర్లు "మా నోరు నొక్కేస్తున్నారు" అన్నారు. నా పాత థంబ్‌నెయిల్ గుర్తొచ్చి నేనేమీ అనలేకపోయాను.

ఇవన్నీ చేశాక ఏమైంది? 2025 జూలైలో ఇంకో స్టడీ. 2024-25లో 91 శాతం మందికి నష్టం. మొత్తం లక్షా 5 వేల కోట్లకి పైగా. అంతకు ముందు ఏడాది దాదాపు 75 వేల కోట్లు ఉండేది. మార్పులు ఏడాది మధ్యలో వచ్చాయి, నిజమే. అయినా నష్టం పెరిగింది.

అంటే సెబీ పనికిరానిదా? అలా అనను. సెబీ కోటి మంది గురించి సరైన ప్రశ్న అడగగలదు. పక్క మంచం మీద పడుకున్న ఒక్కడిని అడగలేదు. లాగిన్ స్క్రీన్ మీద ఆ హెచ్చరికని నా ఫ్రెండ్ ప్రతి రోజూ చూశాడు. ఒకే నొక్కుతో ఓకే కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. వాడిని అడగాల్సినవాణ్ని నేను.

చివరిసారి ఎప్పుడు పనిచేసింది?

2023 చివర్లో ఒక ఆదివారం వాళ్ళ నాన్నగారు నాకు ఫోన్ చేశారు. "బాబూ, మావాడు బాగానే ఉన్నాడుగా?" అన్నారు. "బాగానే ఉన్నాడు అంకుల్" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఎందుకో మనసు కుదుటపడలేదు. ఆయన ప్రశ్నలోనే జవాబు ఉంది. "బాగానే ఉన్నాడుగా" అంటే ఇంకేం చెప్తాం? నేను గురువారం అడిగేది కూడా అలాంటిదే. "ఇవాళ ఎంత?" అని అడిగితే ఇవాళ్టిది చెప్తాడు, అంతే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోతే, జూనియర్ని "ఎందుకు ఇలా చేశావ్?" అని అడిగితే వాడు డిఫెన్స్‌లోకి వెళ్ళిపోతాడు, బగ్ దొరకదు. అనుభవం ఉన్న సీనియర్ రెండే అడుగుతాడు. "చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఆ తర్వాత ఏం మారింది?"

ఆ రాత్రి బాల్కనీలో కూర్చున్నాం. నేను డబ్బు ఊసు ఎత్తలేదు. "చివరిసారి ప్రశాంతంగా ఎప్పుడు నిద్రపోయావ్ రా?" అన్నాను.

వాడు ఏమీ మాట్లాడలేదు. నాకు ఇబ్బందిగా అనిపించి ఏదో జోక్ వెయ్యబోయాను, ఆపుకున్నాను. ఒక నిమిషం పైనే గడిచింది. తర్వాత "ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు" అన్నాడు. ఉగాది అయ్యి ఎనిమిది నెలలు.

"ఆ తర్వాత ఏమైంది?" అన్నాను. అప్పుడు చెప్పాడు. ఏప్రిల్‌లో పర్సనల్ లోన్ తీసుకున్నాడు. ఆగస్టులో ఇంకొకటి. మొదటిదాని ఈఎమ్ఐ కట్టడానికి రెండోది. "ఇవాళ లైట్ రా" అన్న రోజుల్లో ఒకసారి 70 వేలు, ఒకసారి లక్షా 20 వేలు.

"మొత్తం కలిపి ఎంత?" అని అడిగాను. "తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీదు. ప్రతి రోజు లెక్క నోటికొచ్చు, మొత్తం ఎప్పుడూ కూడలేదు. కూడితే చూడాల్సి వస్తుంది కదా.

ఇద్దరం కూర్చుని బ్రోకర్ యాప్‌లో ట్యాక్స్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేశాం. 9 లక్షల 38 వేలు నష్టం. అందులో బ్రోకరేజీ, పన్నులు, చార్జీలే లక్షన్నర దగ్గర. నేను థంబ్‌నెయిల్‌లో పెట్టిన ఆ ప్లస్ 31 వేలు కూడా అందులోనే ఎక్కడో ఒక లైన్‌లో ఉంది.

వారం తర్వాత వాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడు. స్పీకర్ పెట్టాడు, నేను పక్కనే ఉన్నాను. తిడతారని ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. వాళ్ళ నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నెలకి ఎంత కట్టాలి రా?" అన్నారు. ఎందుకు చేశావని అడగలేదు, ఎవరు చెప్పారని కూడా అడగలేదు. ఆ ప్రశ్నతో వాడు మొదటిసారి పెన్ను తీసుకుని లెక్క వేశాడు. ఇంకా ఈఎమ్ఐలు కడుతున్నాడు. ట్రేడింగ్ అకౌంట్‌లో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ ఆపించేశాడు.

మీరు అడగాల్సినవి

ఎవరైనా టిప్స్ ఇస్తుంటే: "మీ సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత?" అని అడగండి. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్ట్ అయితే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. ఆ నంబర్ వాళ్ళు చెప్పారని నమ్మకండి, సెబీ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. "డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?" అని కూడా అడగండి. ఎవరో వ్యక్తి ఖాతా అంటే అక్కడే ఆపెయ్యండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. రిజిస్టర్డ్ బ్రోకర్ మీదో, కంపెనీ మీదో ఫిర్యాదు ఉంటే సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. వాళ్ళు 21 రోజుల్లో స్పందించాలి. ట్రేడ్‌లో నష్టపోయిన డబ్బుని మాత్రం సెబీ తిరిగి ఇప్పించదు.

మీరే ట్రేడ్ చేస్తుంటే: ఈ రాత్రి ట్యాక్స్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చెయ్యండి. మొదటి రోజు నుంచి మొత్తం. ఒక్క నంబర్.

మీ ఇంట్లో, మీ రూమ్‌లో ఎవరైనా ట్రేడ్ చేస్తుంటే: "ఇవాళ ఎంత?" అని అడగకండి. "లాసుల్లో లేవుగా?" అని అసలు అడగకండి, "లేను" అనేస్తారు. "ఎందుకు చేశావ్?" బదులు "ఎలా మొదలైంది?" అనండి. అడిగాక నోరు మూసుకుని ఆగండి, అదే కష్టం. నాకు ఆ బాల్కనీలో ఆ నిమిషం గంట లాగా అనిపించింది. నేను జోక్ వేసి ఉంటే వాడు నవ్వేసి లోపలికి వెళ్ళి పడుకునేవాడు. మరుసటి గురువారం మళ్ళీ "ఇవాళ లైట్ రా" అనేవాడు.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేముందు స్క్రిప్ట్ వాడికి చదివి వినిపించాను. "ఇంకేమైనా కలపాలా?" అంటే, "ఏడాదిన్నర ముందు అడిగి ఉంటే నాలుగు లక్షల దగ్గర ఆగేవాణ్ని రా, అది చెప్పు" అన్నాడు. చెప్పాను.

ఇవాళ్టికి ఇంతే అండీ. మీరు ఎవరిని అడగాలో ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. వీడియో షేర్ చెయ్యడం తర్వాత, ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.